పేరు, పరిమాణము, తేదీ: ఆర్‌సింక్ పై ఒక విమర్శ

విజయనగరంలో 1892 లో మొదటిసారి ప్రదర్శింపబడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1897 లో అచ్చయినది. 1909 నాటి రెండవ కూర్పు పేరుకు అదే నాటకమైనా చాలావరకు కొత్తగా రచింపబడినది. తరువాత ఈ రెండవ కూర్పుకే ఎన్నో పునర్ముద్రణలు వచ్చినవి. ముఖపత్రము మీది సంవత్సరము మాత్రమే మారిన పునర్ముద్రణ ఒకటి గ్రంథాలయానికి వచ్చిందనుకొనుడు. గ్రంథపాలకుడు పేరు, పుటల సంఖ్య, సంవత్సరము అనే మూడింటిని మాత్రమే చూసే మనిషి అయితే, 1897 కూర్పు పక్కన 1909 కూర్పును చేర్చుకొని మంచి పనే చేస్తాడు. కాని పునర్ముద్రణ వచ్చినప్పుడల్లా సంవత్సరము వేరుగా ఉన్నదని, ఉన్న పుస్తకాన్నే మళ్లీ మళ్లీ కొంటాడు.

కంప్యూటరు ప్రోగ్రాముల భాండాగారాలలోనూ ఈ చిక్కే కలదు. 1993 లో ప్రారంభమైన డెబియన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వ్యవస్థకు లక్షలాది ఫైళ్లు గల భాండాగారమున్నది. దాని ప్రతులు ప్రపంచమంతటా సర్వరులలో ఉంటవి. ఇట్టి ప్రతిని ‘మిర్రర్’ అంటారు. శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఒక కళాశాల తన ప్రయోగశాలలోని నలభై యంత్రాల కోసము మిర్రరును పెట్టుకొన్నదనుకొనుడు. రాత్రి ఒక్కసారి తెచ్చుకొన్న ఫైళ్లు పగలు నలభై యంత్రాలకూ లోపలి తీగల మీదనే అందుతవి. అయితే కొత్తగా వచ్చినవి పది ఫైళ్లే అయినా, పాతవి లక్ష ఫైళ్లు మళ్లీ కదలడం మొదలుపెడితే తెల్లవారేసరికి పని ముగియదు. ఉదయం వచ్చిన విద్యార్థులకు సగము పాతది, సగము కొత్తది అయిన భాండాగారము దక్కుతుంది.

ఈ పనికి ఎక్కువమంది వాడే సాధనము ఆర్‌సింక్. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనువారు 1996 లో దీనిని లోకానికి ఇచ్చారు. దీని సిద్ధాంతము ట్రిడ్జెల్ 1999 నాటి డాక్టరేటు గ్రంథంలో వివరముగా ఉన్నది. సిద్ధాంతము అందమైనది. పాత ప్రతి గల యంత్రము తన ఫైలును సమానమైన ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు రెండు సరిచూచు సంఖ్యలు కట్టి అవతలికి పంపుతుంది. వీనినే చెక్‌సమ్‌లు అంటారు. ఒకటి తేలికగా కట్టగలిగినది, రెండవది గట్టిది. కొత్త ప్రతి గల యంత్రము ముక్క వెడల్పు గల కిటికీని తన ఫైలు మీద ఒక్కొక్క బైటు చొప్పున జరుపుతూ పోతుంది. కిటికీ ఒక బైటు జరిగినప్పుడు మొత్తము కూడికను మొదటినుండి చేయనక్కరలేదు. వెళ్లిపోయిన బైటు లెక్కను తీసివేసి, వచ్చిన బైటు లెక్కను చేర్చితే చాలును. తేలిక సంఖ్య కలిసిన చోట మాత్రమే గట్టి సంఖ్యతో సరిచూస్తారు. సరిపోలని భాగాలే తీగ మీద ప్రయాణిస్తవి. నడుమ ఒక వాక్యము చేర్చినందువల్ల తరువాతి పుటలన్నీ జరిగిపోయినా ఈ పద్ధతి మోసపోదు. ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా పది అంకెల వరుస మీద దీనిని చేసి చూడవచ్చును.

ఆర్‌సింక్ గురించి వ్రాసేవారు చాలామంది ఇక్కడనే ఆగిపోతారు. కాని మిర్రరు నడిపే చోట ఈ గణితానికి పని తక్కువ. డెబియన్ ప్యాకేజీ పేరులోనే దాని కూర్పు సంఖ్య ఉంటుంది. కొత్త కూర్పుకు కొత్త పేరు. అందువల్ల ఒక పేరు గల ఫైలు ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే పూర్తిగా తేవలసినదే. ప్రతి రాత్రి నిజముగా పని చేసేది గణితానికి ముందు నిలిచిన ద్వారపాలకుడు. అదే పేరు గల ఫైళ్ల పరిమాణము, చివరిసారి మార్చిన కాలము — ఈ రెండూ రెండు చోట్లా ఒకటే అయితే ఫైలును వదిలివేస్తాడు. ఏ ఒక్కటి తేడా వచ్చినా లోపలికి పంపుతాడు. పుస్తకము తెరవకుండా ముఖపత్రము చూసే గ్రంథపాలకుడు ఇతడే.

విమర్శించవలసిన అంశము ఇక్కడనే ఉన్నది. కాలమును బట్టి తీర్పు చెప్పే ఈ సాధనము, ప్రత్యేకముగా అడిగితే తప్ప, తెచ్చిన ఫైలుకు మూలపు కాలమును వేయదు. ‘టైమ్స్’ అనే ఆప్షన్ గాని, దానిని తనలో చేర్చుకొన్న ‘ఆర్కైవ్’ గాని ఇవ్వకపోతే, ఫైలు మీద పడేది తెచ్చిన వేళ. మరునాడు అదే సాధనము తాను వేసిన తేదీనే చూసి, ఇది వేరు ఫైలు అని అనుమానిస్తుంది. తన సాక్ష్యమును తానే చెరుపుకొనడమన్నమాట. దీనికి ఒక సమాధానము లేకపోలేదు. యూనిక్స్‌లో మామూలు నకలు ఆజ్ఞ కూడా కొత్త కాలమునే వేస్తుంది. ‘మేక్’ వంటి సాధనాలు మార్పును కాలము చూసే కనిపెట్టుతవి గనుక, కొత్తగా వచ్చిన ఫైలుకు కొత్త కాలముండడము వానికి మేలు. ఈ సమాధానము నకలు సాధనానికి చెల్లుతుంది, పోల్చి చూసే సాధనానికి చెల్లదు. ఈ లోపమును గూర్చి ఆర్‌సింక్ కరదీపికలోనే హెచ్చరిక ఉన్నది. హెచ్చరించవలసి వచ్చిన అమరికను సహజమైన అమరికగా ఉంచడమే ఆశ్చర్యము.

అనుమానించిన ఫైలు ముక్కలన్నీ సరిపోతే తీగ మీద పోయేది చెక్‌సమ్‌లు మాత్రమే గదా అనవచ్చును. నిజమే. అయినా రెండువైపులా ఫైలు మొత్తము చదవబడుతుంది, ఇవతల కొత్త ప్రతి మొత్తము డిస్కు మీద మళ్లీ వ్రాయబడుతుంది. పైగా గమ్యము నెట్‌వర్కు మీది డిస్కు అయి, ఈ యంత్రములోని ఫోల్డరువలె కనబడితే, ఆర్‌సింక్ దానిని సొంత డిస్కే అనుకొని గణితము మానివేసి ఫైళ్లను మొత్తముగా నకలు చేస్తుంది. అప్పుడు ప్రయాణము నిజముగానే వృథా.

ఆప్షన్ సరిగా ఇచ్చినా కాలము చెడే దారులున్నవి. మొదటి ప్రతిని విశాఖపట్నంలో ఒక బయటి డిస్కు మీదికి ఎక్కించుకొని బస్సులో శ్రీకాకుళము తెచ్చుకొనడము తెలివైన పనే. ఆ డిస్కు ఫ్యాట్ పద్ధతిలో ఉంటే అది కాలమును రెండు సెకన్లకు ఒక మెట్టుగా గుర్తిస్తుంది. బేసి సెకను మీద పుట్టిన ఫైలుకు ఒక సెకను తేడా వస్తుంది. పాత ఫ్యాట్ స్థానిక కాలమును వ్రాసుకొంటుంది గనుక, అమరిక తప్పితే ఐదున్నర గంటల తేడా కూడా రావచ్చును. డిస్కు నుండి మామూలుగా నకలు చేస్తే అన్నింటి మీదా ఆనాటి తేదీయే పడుతుంది. ఇవి కాక, పైనున్న సర్వరు తానే మరొకదానికి మిర్రరయి కాలమును పోగొట్టుకొన్నదైతే, కిందివాడు ఎంత జాగ్రత్తపడినా లాభము లేదు.

జబ్బును గుర్తించడము కష్టము కాదు. ఫైళ్లను కదల్చని ‘డ్రై రన్’ తో పాటు ‘ఐటమైజ్ ఛేంజెస్’ అడిగితే ప్రతి ఫైలు ముందు కొన్ని గుర్తులు వస్తవి. ‘ఎస్’ అంటే పరిమాణము వేరు, చిన్న ‘టి’ అంటే కాలము వేరు. వేల పంక్తులలో ‘ఎస్’ లేక ‘టి’ ఒక్కటే కనబడితే సందేహము కాలము మీదనే. పెద్ద ‘టి’ అయితే మూలపు కాలమును నిలపమని అడగనే లేదన్నమాట. వరుసగా కూడిక గుర్తులు ఉంటే అది కొత్త ఫైలు, అది రావలసినదే.

చికిత్సలో మాత్రము తరచు తప్పు జరుగుతుంది. ‘చెక్‌సమ్’ ఆప్షన్ వాడండి అనే సలహా సులభముగా దొరుకుతుంది. తేదీని నమ్మక ప్రతి పుస్తకమును మొదటి పుట నుండి చివరి పుట వరకు చదవమనడము వంటిది అది; ఉచితముగా సేవ చేసే సర్వరు చేత ప్రతి ఫైలునూ చదివించడము మర్యాద కాదు, అందుకే దానిని నిరాకరించే వీలును సర్వరు యజమానులకు ఇచ్చారు. ‘సైజ్ ఓన్లీ’ అనే రెండవ సలహా మరీ ప్రమాదము. భాండాగారపు ‘రిలీజ్’ ఫైలులో ఇతర ఫైళ్ల చెక్‌సమ్‌లుంటవి. అవి మారినా వాని నిడివి మారదు. ఫైలు పరిమాణము కూడా నిన్నటిదే కావచ్చును. పరిమాణమే చూసేవాడు దానిని వదిలివేస్తాడు, మరునాడు నలభై యంత్రాలూ సంఖ్యలు కలియలేదని మొరపెట్టుకొంటవి.

అదే ఆప్షన్‌ను కూర్పు సంఖ్య పేరులోనే గల ప్యాకేజీ ఫైళ్లకు మాత్రము, ‘టైమ్స్’ తో కలిపి, ఒక్కసారి నడిపితే మంచి మందవుతుంది. పరిమాణము కలిసిన ఫైళ్లు కదలవు, వాని మీది కాలము మాత్రము సరిచేయబడుతుంది. ఫ్యాట్ డిస్కును వదలలేనివారు ఒక సెకను తేడాను మన్నించే ‘మాడిఫై విండో’ ను వాడవచ్చును.

ఇంకొక లోపము ఆర్‌సింక్‌కు జ్ఞాపకశక్తి లేకపోవడము. పైన ఒక ఫోల్డరు పేరు మారితే, లోపలి సరుకంతా కొత్తదనుకొని మళ్లీ తెస్తుంది. తెగిపోయిన ప్రయాణమునూ అది మరచిపోతుంది. 2018 అక్టోబరు 11 న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు శ్రీకాకుళము జిల్లాలో విద్యుత్తు, ఫోను సంబంధములు తెగిపోయినవి. అట్టివేళ మూడువంతులు వచ్చిన పెద్ద డిస్కు ప్రతిబింబము కూడా, ‘పార్షియల్’ అని ముందుగా చెప్పి ఉండకపోతే, పారవేయబడుతుంది. చెప్పి ఉంటే, ఎక్కువగా నిద్రపోయే ఆ గణితము అప్పుడు మేలుకొంటుంది. వచ్చిన ముక్కలను సరిచూసి మిగిలిన వంతునే అడుగుతుంది.

మరమ్మతు కుదిరినదో లేదో చూడడానికి అదే ఆజ్ఞను వెంటనే రెండవసారి నడపాలి. పైన భాండాగారము మారనంతవరకు ఆ రెండవ జాబితాలో ఒక్క ఫైలు పేరూ ఉండకూడదు.