పాట వెనుక కథ ఎవరిది?

జనాదరణ పొందిన ప్రతి పాట వెనుకా ఒక కథ చెప్పడం పరిపాటి అయిపోయింది. వానలో నడుస్తూ ఉండగా పల్లవి తట్టిందనీ, నిర్మాత కబురంపిన రాత్రే చరణాలు పూర్తయినాయనీ వింటూ ఉంటాము. వినడానికి సరదాగానే ఉంటుంది. కాని ప్రేరణ అంటే కవి మనసులో మాత్రమే జరిగే వింత అనే భ్రమ దీనివల్ల బలపడుతుంది. పాటకు నిజమైన ప్రేరణ పాటలోని మనిషి. ఈ మాటకు సుద్దాల హనుమంతు రచించిన 'పల్లెటూరి పిల్లగాడా' మంచి సాక్ష్యం.

హనుమంతు ఆంధ్రమహాసభ కార్యకర్త. బుర్రకథను, గొల్లసుద్దులను తెలంగాణ ప్రజాపోరాటానికి ఆయుధాలుగా మలచినవాడు. దొరల పశువులు కాసే జీతగాడైన బాలుడు ఈ పాటకు వస్తువు. ఇందులో ఊహకన్న లెక్క ఎక్కువ. చలికి ఆగని చింపులంగీ, తాటిజెగ్గలతో చేసిన చెప్పులు, కాలిగాయం. నెలకు కుంచెడు గింజలు, వాటిలో తాలు, పైగా కొలతలో తక్కువ. జాలిపాట రాయదలచినవాడు కన్నీటి దగ్గర ఆగిపోయేవాడు. హనుమంతు కుంచం దాకా పోయినాడు. పిల్లవాని దుఃఖానికి మూలం విధి కాదు, దొర కొలత అని తేల్చినాడు. అభ్యుదయ కవిత్వానికి గీటురాయి ఇదే.

1980లో విడుదలైన 'మా భూమి' చిత్రం ఈ పాటను ఊరూరికీ చేర్చింది. అది గొప్ప మేలు. అయితే జానపదమనీ, సినిమా పాట అనీ అనుకొనేవారి మధ్య కర్త మరుగున పడినాడు. అదే చిత్రంలో 'బండెనక బండి కట్టి' పాడిన గద్దర్ అందరికీ గుర్తే. దానిని కట్టిన పోరాటయోధుడు బండి యాదగిరి ఎందరికి గుర్తు? ప్రజలు పాటను తమది చేసుకోవడం వేరు, దాని కవినీ కాలాన్నీ మరచిపోవడం వేరు.

ఇటీవల దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పాటల పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లినాను. ఒక విద్యార్థిని ఈ పాటనే చక్కగా పాడి చప్పట్లు అందుకొన్నది. ఎవరు రాసినారమ్మా అంటే, "సినిమా పాట సార్" అన్నది. తప్పు ఆమెది కాదు, చెప్పని మాది. అంతలో పదేళ్లయినా నిండని కుర్రవాడొకడు పక్క హోటలు నుండి టీ గ్లాసులు తెచ్చినాడు. హోటళ్లలో 14 ఏండ్లలోపు పిల్లలచేత పని చేయించడం 2006 నుండి నిషిద్ధం. అయినా అందరం ఆ టీ తాగినాము, నేనూ తాగినాను.

తిరుగుదారిలో ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సు కొరకు నిలుచున్నాను. విజయవాడ రోడ్డూ, సాగర్ రోడ్డూ విడిపోయే చోటు అది. రెండు దారులూ నల్లగొండ పల్లెల వైపే పోతాయి. పల్లెటూరి పిల్లగాడు పాటతోపాటు ఈ దారిన పట్నం చేరినాడు. పశువుల స్థానంలో గ్లాసులు వచ్చినాయి.

ఆ కుర్రవాని జీతమెంతో నేను అడగలేదు. హనుమంతు అడిగినాడు. పాటల పుట్టుక గూర్చి రాయబూనే మనం మొదట నేర్చుకోవలసింది ఆ ప్రశ్న.