తెల్లబుగ్గ మీటరుకు వందనం

వెలుగును కొలిచే చిన్న యంత్రమా, నీకు వందనం. మీటరు లేకుండా పుట్టిన పాత కెమెరాలన్నిటి తరఫునా వందనం. యాషికా-డి లాంటి రెండు కళ్ళ పెట్టెలో ఇంకేం తక్కువ? పైనుంచి తల వంచి చూస్తే, కుడిఎడమలు తారుమారైనా, గాజుతెర మీద ఊరంతా నిలబడి కనిపిస్తుంది. 80 మి.మీ. లెన్సు ఉంది. ఒక సెకను నుంచి 1/500 దాకా నడిచే షట్టర్ ఉంది. బయట ఎండ ఎంతుందో చెప్పే నోరొక్కటే దానికి లేదు. 120 రీలు వేస్తే వచ్చేవి 12 బొమ్మలు. అందులో ఒక్కటి పాడైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మూగ పెట్టెకు నోరు నువ్వు.

నువ్వు రాకముందూ గొప్ప ఫొటోలు వచ్చాయి. నిజాం కొలువులో గాజు ప్లేట్ల మీద హైదరాబాదును పట్టి నిలిపిన రాజా దీన్ దయాళ్ 1905లోనే కన్నుమూశాడు. ఆయన మీటరు ఆయన కళ్ళే. 1932లో అమెరికాలో వెస్టన్ కంపెనీ 617 అనే మోడల్‌ను తెచ్చింది. సెలీనియం పూసిన బిళ్ళ మీద వెలుగు పడగానే పిసరంత కరెంటు పుట్టింది, ఆ కరెంటుకు సూది కదిలింది. నీ లోపల జరిగేదంతా అంతే. సెల్లు అక్కర్లేదు, స్విచ్చి అక్కర్లేదు. నువ్వు కొలిచే వెలుగే నీకు తిండి. ఇంత నిజాయితీగా బతికే పనిముట్టు నాకు మరొకటి తెలియదు.

నీలో నేను అన్నిటికన్నా ముందు మొక్కేది నీ నెత్తిన ఉన్న తెల్లబుగ్గకు. పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి బోర్లించినట్టుండే ఆ బుగ్గ డాన్ నార్వుడ్ అనే అమెరికన్ ఆలోచన. మనిషి ముఖం బల్లపరుపుగా ఉండదు. ఎదుటి నుంచి, పక్క నుంచి, పై నుంచి వచ్చే వెలుగంతా ఆ ముఖం మీద కలుస్తుంది. కాబట్టి కొలిచేది కూడా గుండ్రంగానే ఉండాలన్నాడు. సెకోనిక్ వారి ఎల్-398 దాకా వచ్చిన వంశం అది.

ఆ బుగ్గ విలువ తెలియాలంటే చెరువుగట్టుకు వెళ్ళాలి. గట్టు మీద గేదె, గేదె వీపు మీద కొంగ. వస్తువును తాకి వెనక్కి వచ్చే వెలుగును కొలిచే మీటర్లు, తమ ముందున్నది ఏదైనా సరే, పడ్డ వెలుగులో నూటికి 18 పాళ్ళు తిప్పి పంపే బూడిదరంగు అనే అనుకుంటాయి. అలాంటి మీటరును గేదె వైపు చూపిస్తే, ఇక్కడ చీకటి, ఇంకా వెలుగు పొయ్యమంటుంది. గేదె బూడిద పూసుకుంటుంది, కొంగ ఈకల గీతలన్నీ కరిగి తెల్లటి మరక మిగులుతుంది. కొంగ వైపు చూపిస్తే, వెలుగు ఎక్కువైంది తగ్గించమంటుంది. కొంగకు మాసిన గుడ్డ రంగు వస్తుంది, గేదె మసిముద్ద అవుతుంది. నువ్వలా కాదు. గేదె పక్కన నిలబడి బుగ్గను కెమెరా వైపు తిప్పితే చాలు. అక్కడున్నది నలుపా తెలుపా అని నువ్వు అడగవు. వాటి మీద పడుతున్న ఎండ ఎంతో అంతే చెబుతావు. దగ్గరికి పోతే గేదె బెదురుతుందా? నేను నిలబడ్డచోట కూడా అదే ఎండ ఉంటే, అక్కడే అదే దిక్కుకు నిన్ను ఎత్తి పట్టుకుంటే సరిపోతుంది. నలుపు నలుపుగా నిగనిగలాడుతుంది, తెలుపు తెలుపుగా ఉంటూనే ఈకలు చూపిస్తుంది.

మన ఊళ్ళలో ప్రతి గుంపు ఫొటోలోనూ ఈ గేదె, కొంగల కథే నడుస్తుంది. ఎండలో నల్లబడ్డ తాతయ్య ముఖం, ఆయన కట్టుకున్న తెల్లపంచె. ఎవరి రంగు వాళ్ళకు ఉంచి, ఎవరినీ తెల్లబరచకుండా, ఎవరినీ చీకట్లోకి తొయ్యకుండా చూసే మర్యాద నీ బుగ్గలో ఉంది. అందుకే చేతిలో డబ్బు తక్కువైనా బుగ్గ ఉన్న మీటరే తీసుకోమంటాను.

పాత ఎల్-398 దొరికితే మంచిదే. అంతకన్నా చవగ్గా సోవియట్ కాలపు లెనిన్‌గ్రాడ్ మీటర్లు దొరుకుతాయి. వాటికి పాలరంగు పలక జతగా ఉందో లేదో చూసుకోవాలి. డయల్ మీద 65, 130, 250 అని వాళ్ళ గోస్ట్ అంకెలుంటాయి. ఇప్పటి ఐఎస్ఓ అంకెలతో ఉన్న ఆ కాస్త తేడాను నెగెటివ్ ఫిల్మ్ ఓర్చుకుంటుంది.

సెలీనియానికి తేమ శత్రువు. కోస్తా ఉప్పుగాలికి ఏళ్ళ తరబడి తెరిచి పెట్టిన మీటరు పైకి ఎంత నిగనిగలాడినా లోపల కళ్ళు మసకబారి ఉండొచ్చు. కాబట్టి బేరం నీడలో ఆడినా పరీక్ష ఎండలో జరగాలి. ముందు బిళ్ళను అరచేత్తో పూర్తిగా మూస్తే సూది సున్నా మీద వాలాలి. తర్వాత మబ్బు లేని మిట్టమధ్యాహ్నం, ఐఎస్ఓ 100 పెట్టి, బుగ్గను సూర్యుడికి ఎదురుగా పట్టుకుంటే 1/125 దగ్గర ఎఫ్ 16 రావాలి. అన్ని వెలుగుల్లోనూ ఒకే ఒక్క స్టాప్ తక్కువ చూపిస్తే భయం లేదు, 100 ఫిల్మ్‌కు 200 అని పెట్టుకుంటే లెక్క సరిపోతుంది. ఎండలో ఒకలా, వసారాలో మరోలా తప్పుతుంటే మాత్రం దండం పెట్టి అక్కడే వదిలి రావాలి. ఎల్-398 అయితే చిల్లుల రేకు స్లైడ్ కూడా అడిగి తీసుకోవాలి. అది దూర్చకపోతే మన ఎండకు సూది అంచుకు కొట్టుకుని నిలబడిపోతుంది.

నీ చుట్టాలకూ వందనం. గోసెన్ లూనాసిక్స్ వెన్నెల్లో కూడా పలుకుతుంది. కానీ అది తాగి పెరిగిన 1.35 వోల్టుల పాదరసం సెల్లు అంగళ్ళలో లేదు. 1.5 వోల్టులది వేస్తే లెక్క తప్పుతుంది. సెకోనిక్ ఎల్-308 ఒక్క పెన్సిల్ సెల్లుతో నడుస్తుంది, ఆ సెల్లు ఏ కిరాణా కొట్లోనైనా ఉంటుంది. దీపాల వేళ, నీ సూది లేవలేని చోట, ఆ పిల్లే దిక్కు. పెళ్ళిపందిట్లో రాత్రి ఫొటోలు తీసేవాళ్ళు నాలుగు డబ్బులు ఎక్కువైనా దానికే పోవడం మేలు.

నాకు పగలు చాలు, నువ్వు చాలు. నడుమ బొత్తాం నొక్కితే సూది లేచి, వణికి, ఒకచోట కుదురుకుంటుంది. బొత్తాం వదిలితే అక్కడే ఆగిపోతుంది. ఆ అంకెకు డయల్ తిప్పి బాణం గుర్తు కలపగానే జంటలన్నీ ఒక్కసారిగా వరసలో నిలబడతాయి. 1/60కి ఎఫ్ 16, 1/125కి ఎఫ్ 11, 1/250కి ఎఫ్ 8, 1/500కి ఎఫ్ 5.6. వెలుగు అన్నిటిలోనూ అంతే. గేదె నుంచి గట్టు వెనక తాటితోపు దాకా తేటగా రావాలంటే మొదటి జంట, లేచిన రెక్కను గాల్లో ఆపాలంటే చివరి జంట. నాకు కొంగ ఎగరడమే ఇష్టం. 1/500 పెడతాను.