వార్ధా రాట్నం, రిషివ్యాలీ నిచ్చెన

1937 డిసెంబర్‌లో జాకిర్ హుసేన్ కమిటీ గాంధీజీకి అందించిన వార్ధా విద్యా పథకం నివేదికలో ఒక టైంటేబుల్ ఉంది. రోజుకు అయిదున్నర గంటల బడి. అందులో చేతివృత్తికి 3 గంటల 20 నిమిషాలు. సంగీతం, బొమ్మలు గీయడం, లెక్కలు మూడింటికీ కలిపి 40 నిమిషాలు. మాతృభాషకు 40. సాంఘిక శాస్త్రం, సామాన్య శాస్త్రం కలిపి 30. వ్యాయామానికి 10, విరామానికి 10. ఏడాదికి 288 పనిదినాలు. ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఏడు తరగతుల చదువంతా ఈ చట్రంలోనే సాగాలి.

అర్ధశతాబ్ది తర్వాత మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో ఇంకో ప్రణాళిక పుట్టింది. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో 1926లో మొదలైన ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు పెట్టింది. వాటి కోసం రామా, పద్మనాభరావు దంపతులు అట్టముక్కల కార్డులతో ఒక పద్ధతి తయారుచేశారు. అందులో గంటల లెక్క కన్నా మెట్ల లెక్క ముఖ్యం. గోడకు నిచ్చెన పటం ఉంటుంది. ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు, ఒక్కో కార్డుకు ఒక గుర్తు. పిల్ల తాను ఎక్కడుందో తనే చూసుకుని, తన కార్డు తనే తీసుకుని కూర్చుంటుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడానికి నాకో కారణం ఉంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఇంట్లోనే చదివిద్దామనుకునే అమ్మానాన్నలు అనంతపురంలోనూ కనిపిస్తున్నారు. వాళ్లు మొదట అడిగేది ‘ఏ సిలబస్ కొనాలి?’ అని. అమెరికాలో తయారైన ప్యాకేజీల గురించి వాళ్లకు తెలుసు. మన దేశం ఆలోచించి రాసుకున్న ప్రణాళిక ఒకటి, మన పొరుగునే పల్లె పిల్లల మధ్య పెరిగిన ప్రణాళిక ఒకటి ఉన్నాయని మాత్రం తెలియదు. రెండూ బడికోసం పుట్టినవే. అయినా ఇంటిచదువుకు కావలసిన అసలు ప్రశ్న ఆ రెండింటి మధ్యే ఉంది. ఈ రోజు ఏం నేర్చుకోవాలో ఎవరు నిర్ణయించాలి? చేతిలో ఉన్న పనా, పిల్ల ఎక్కిన మెట్టా?

వార్ధా జవాబు: పని. నూలు వడకడం, నేత, వడ్రంగం, వ్యవసాయం, పండ్ల తోట, కూరగాయల తోట, తోలుపని వంటి వృత్తుల్లో ఒకదాన్ని ఎంచుకుని, మిగతా చదువును దాని చుట్టూ అల్లమంది. నూలు వడికే తకిలీ నుంచి భూగోళం ఎలా లాగుతారని అప్పటినుంచీ ఎగతాళి ఉంది. నివేదికను చదివితే ఆ ఎగతాళి సగమే నిలుస్తుంది. చదువుకు కేంద్రాలుగా అది మూడింటిని చెప్పింది: వృత్తి, చుట్టూ ఉన్న ప్రకృతి, చుట్టూ ఉన్న సమాజం. ఆచరణలో బడులు రాట్నం పట్టుకుని మిగతా రెండింటినీ వదిలేశాయి.

ఆ మూడూ ఒకచోట దొరికే నేల మనది. శెనక్కాయ పంటనే తీసుకోండి. ఆరో తరగతి వయసు పిల్ల జూలైలో ఇంటి పక్క చేనులో విత్తడం చూస్తుంది. సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 10. చదరపు మీటరుకు ఎన్ని మొక్కలు? 33. హెక్టారుకు? మూడు లక్షల ముప్పై వేల పైచిలుకు. నెల తిరిగేసరికి పసుపుపచ్చ పూత. తర్వాత పూలు రాలినచోట ఊడలు దిగుతాయి. పైన పూచి కింద కాసే ఈ వింతను పిల్ల మోకాళ్లమీద కూర్చుని చూడాలి. ఒక ఊడకు దారం కట్టి, వారానికోసారి పక్క మొక్కను పెరికి పోల్చి, కాయ ఎంత ఊరిందో బొమ్మ వేయాలి. అదే సమయంలో రైతు ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాడు. ఎందుకు? కాయ గట్టిపడటానికి కాల్షియం కావాలి, అది నేలలో ఊరే కాయకు నేరుగా అందాలి. పెరికిన మొక్క వేళ్లకు బుడిపెలుంటాయి. వాటిలోని బాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. ఎనిమిదో తరగతి పుస్తకంలో సూక్ష్మజీవుల పాఠం ఇదే. ఈ పంట దక్షిణ అమెరికా నుంచి సముద్రాలు దాటి వచ్చిందని తెలిసిన రోజు పిల్ల అట్లాసు తానే తెరుస్తుంది. 1940లో తిండివనంలో విడుదలైన టీఎంవీ-2 రకం దశాబ్దాలపాటు ఈ జిల్లా చేలను ఏలింది. దాని స్థానంలోకి కదిరి పరిశోధనా కేంద్రం రకాలు ఎందుకొచ్చాయని అడిగితే చరిత్ర, జీవశాస్త్రం, అప్పుల లెక్క ఒకేసారి ముందుకొస్తాయి.

వాన సంగతి ఇంకా దగ్గరిది. నిలువు గోడలున్న వెడల్పు మూతి సీసా, ఒక స్కేలు చాలు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్లు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన ఆ ఎకరా మీద పోసింది 80,940 లీటర్లు. ఆ లెక్క వేసిన పిల్లకు పదును అన్న మాట బరువెంతో తెలుస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి చిక్కిపోతాయి. ఏడో తరగతి భూగోళం ఇంటి మిద్దె మీద మొదలవుతుంది. కరువుంటే పాఠం ఆగిపోదా అంటారు. విత్తలేని ఏడాది కూడా పాఠమే. మృగశిర, ఆరుద్ర, పునర్వసు కార్తెలు పొడిగా పోయిన సంవత్సరం వేసిన వాన గ్రాఫు ఆ పిల్ల జీవితకాలం మరచిపోదు.

అందరిదీ సేద్యం కానక్కరలేదు. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో డిజైను గళ్ల కాగితం మీద నిరూపకాలున్నాయి. జకార్డు అట్టలకు పొడిచిన బెజ్జాల్లో కంప్యూటరు చరిత్ర తొలి పేజీ ఉంది. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో రామాయణం, మేకతోలు, రంగుల రసాయనం ఒకచోట కలుస్తాయి. వార్ధా ఏ వృత్తి పెట్టమందో మనకు అక్కర్లేదు. పెట్టిన వృత్తిని చివరిదాకా చదవమనడమే దాని బలం.

ఇక దాని బలహీనతలు. మైనస్ మూడును మైనస్ నాలుగుతో హెచ్చిస్తే ప్లస్ పన్నెండు ఎందుకవుతుందో ఏ చేనూ చెప్పదు. ఆ పాఠాన్ని బలవంతంగా శెనక్కాయ మూటకు కడితే పాఠమూ పోతుంది, మూట మీద ఇష్టమూ పోతుంది. సంగీతం, బొమ్మలు, లెక్కలకు కలిపి 40 నిమిషాలు పెట్టిన కమిటీ, లెక్కల్లో చాలా భాగం పనిలోనే వచ్చేస్తుందని నమ్మింది. కొలతలు, నిష్పత్తులు, శాతాలు వస్తాయి. కిలో కాయలు ఒలిస్తే గింజలు 700 గ్రాముల దాకా వస్తే శాతం కళ్లెదుటే ఉంటుంది. బీజగణితం రాదు. ఇంగ్లీషుకు అందులో చోటే లేదు. 1937లో దానికి కారణముంది, నేటి అనంతపురం తల్లికి ఆ కారణం చెప్పి ఒప్పించలేం, ఒప్పించకూడదు కూడా. పై తరగతుల్లో ఆడపిల్లలు వృత్తికి బదులు గృహశాస్త్రం తీసుకోవచ్చన్న వెసులుబాటును మాత్రం చదవగానే కొట్టేయాలి. గొర్రు, మగ్గం, వాన సీసా ఆడపిల్లవి కూడా.

ఇక్కడ రిషివ్యాలీ నిచ్చెన ఆదుకుంటుంది. దాని నిర్మాణం నిజంగా అందమైనది. ఒక్కో మెట్టులో అయిదు రకాల పనులుంటాయి: పరిచయం, సాధన, మూల్యాంకనం, రానివాళ్లకు మళ్లీ నేర్పడం, వచ్చినవాళ్లకు ఇంకాస్త. పరీక్ష భయం లేదు, మెట్టు దాటామా లేదా అన్నదే. కొన్ని కార్డులకు టీచరు పక్కన కూర్చోవాలి, కొన్నిటికి తోటి పిల్లలు చాలు, కొన్ని ఒంటరిగా చేసేవి. కోతలకో, జాతరకో నెల్లాళ్లు రాని పిల్ల తిరిగొచ్చి, తాను వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. వెనకబడ్డావన్న మాట ఆ గదిలో ఎవరూ అనరు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు దీన్ని చూసి వెళ్లి ‘నలి-కలి’ మొదలుపెట్టారు. తర్వాత తమిళనాడు ప్రభుత్వం తన ప్రాథమిక బడులన్నిటికీ ఇలాంటి కార్డుల పద్ధతినే తీసుకెళ్లింది. కరువుసీమ పల్లెలో పుట్టిన ఆలోచన ఇంతదూరం పోయిందని మనవాళ్లే మరిచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంట్లో లెక్కలకు ఈ నిచ్చెన అచ్చంగా సరిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకమే తీసుకుని పూర్ణసంఖ్యలు, భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి, శాతం, సరళ సమీకరణాలు అని మెట్లు రాసుకోవాలి. ఒక్కోదానికి ఆ అయిదు రకాల కార్డులు అమ్మో నాన్నో పోస్టుకార్డంత అట్టలమీద రాయాలి. పని చాలా ఉంది, నిజమే. ఇంగ్లీషుకు కూడా అదే దారి. 2020 తర్వాత అచ్చయిన ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగు. ఇంటిచదువుకు ఇంతకన్నా మంచి సాధనం మరొకటి కనబడదు. తెలుగు పేజీ మూసి ఇంగ్లీషు పేజీ చదవడం ఒక కార్డు, ఇంగ్లీషు మూసి రాయడం మరొక కార్డు. తెలుగుకు మాత్రం నిచ్చెన అక్కర్లేదు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ను, సింగమనేని నారాయణ కథలను ఇంట్లో పెద్దవాళ్లు గొంతెత్తి చదివితే చాలు.

అయితే నిచ్చెన గురించి ఒక్క సంగతి దాచకూడదు. అది ప్రాథమిక తరగతుల పల్లె బడి కోసం పుట్టింది. చదవడం, రాయడం, లెక్కించడం మెట్లుగా విడగొట్టుకునేవి. పన్నెండేళ్ల పిల్ల అడిగే ప్రశ్నలు అలా విడిపోవు. ‘మన ఊరి చెరువు ఎందుకు నిండట్లేదు?’ అన్నది ఏ మెట్టు? బుక్కరాయసముద్రం చెరువును 14వ శతాబ్దంలో ఎందుకు తవ్వించారో, జీడిపల్లి జలాశయానికి కృష్ణా నీళ్లు ఎక్కడెక్కడ ఎత్తిపోస్తే వచ్చాయో, మధ్యలో బోర్లు ఎందుకు ఎండాయో కలిపితేగానీ జవాబు రాదు. కార్డుల్లోకి కోస్తే ఆ ప్రశ్న చచ్చిపోతుంది. రిషివ్యాలీ వాళ్లకూ ఇది తెలుసు. అందుకే పల్లెల్లో మెట్రిక్ మేళాలు పెట్టి, పిల్లల చేత ఊరివాళ్ల ఎత్తులు, బరువులు కొలిపించారు. అంటే నిచ్చెన పెట్టిన చోటే ఊరు కూడా కావాల్సి వచ్చింది.

ఇంటికి తెచ్చేసరికి రెండు ప్రణాళికలూ ఒకే లోటుతో నిలబడతాయి. తోటి పిల్లలు లేరు. నిచ్చెనలో కొన్ని కార్డులు జత ఉంటే తప్ప నడవవు. వార్ధాలో పని నలుగురు కలిసి చేసేది. ఒంటరి పిల్లకు ఏ ప్రణాళికా పూర్తిగా పనిచేయదు. సాయంత్రం వీధిపిల్లలతో కలిసి వాన లెక్క రాయించండి, పక్కింటి ఏడో తరగతి పిల్లవాడికి మీ పిల్ల చేత శాతాలు చెప్పించండి. ఇది దయతో చేసే పనిగా చూడకండి, ప్రణాళికలో భాగమే.

ఇంకా పెద్ద సంగతి ఒకటుంది. ‘పనిలో చదువు’ అన్న మాట ఈ సీమలో జాగ్రత్తగా వాడాలి. వలసపోయే కుటుంబాల పిల్లలు తమ్ముళ్లను చూసుకుంటూ, కలుపు తీస్తూ బడి మానేసిన ఊళ్లివి. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని ఎం.వి. ఫౌండేషన్ తరఫున శాంతా సిన్హా పట్టుబట్టారు. రంగారెడ్డి జిల్లాలో మొదలైన ఆ కృషికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆమె మాట విన్న తర్వాత వార్ధాను మునుపటిలా చదవలేం. పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో టీచరు జీతం రావాలన్న ఆశ ఆ పథకానికి ఉండేది. ఆర్థికానికి పెద్దపీట వేస్తే టీచర్లు పిల్లల చేత పనే పిండుకుంటారని కమిటీయే తన నివేదికలో హెచ్చరించింది. కాబట్టి ఇంటిచదువులో గీత ఇక్కడ గీయాలి: పిల్ల చేసిన పని వల్ల ఇంటికి కూలి మిగిలితే అది పాఠం కాదు. ఊడకు దారం కట్టే పిల్ల సాలంతా కలుపు తీయనక్కర్లేదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని పొరుగు బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని 10వ సెక్షన్ చెబుతుంది, చేర్చకపోతే శిక్ష ఏమిటో రాయలేదు. 4వ సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ‘సి’ స్థాయి ఎనిమిదో తరగతికి సమానం. పద్నాలుగేళ్లు నిండితే అక్కడ పది రాయవచ్చు.

నా తీర్పు ఇది. ఈ మూడేళ్లకు విజ్ఞానశాస్త్రం, సాంఘికం వార్ధా దారిలో ఒక పంటనో మగ్గాన్నో చెరువునో పట్టుకుని సాగాలి. ఆ 3 గంటల 20 నిమిషాలను గంటన్నరకు తగ్గించాలి. లెక్కలకు, ఇంగ్లీషుకు నిచ్చెన కట్టి రోజూ గంట చొప్పున ఇవ్వాలి. నిచ్చెన మీద పిల్ల రెండు నెలలు ఒకే మెట్టు దగ్గర ఆగిపోతే, తోడు లేక ముభావంగా మారితే, ఇంటిచదువును పంతంగా పట్టుకోకండి. జూన్ దాకా ఆగకుండా ఆ వారమే ఊరిబడికి తీసుకెళ్లి చేర్చండి. చేర్చుకోవడం వాళ్ల విధి.