పక్కన నిలబడే సిస్టర్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సర్కారు దవాఖానల కాన్పు గదుల్లోకి కొత్త సిస్టర్ పట్టాతోనే వస్తుంది. చెయ్యి తిరిగేది పాత సిస్టర్ పక్కన నిలబడ్డాకే.

తెలంగాణ ఈ సంగతి ముందే గుర్తించింది. 2017లో ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఆస్పత్రి, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది కేంద్రం నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్‌లకు మార్గదర్శకాలు తెచ్చింది.

కాన్పు ఎలా సాగుతోందో చూపే పార్టోగ్రాఫ్ గీయడం తరగతిలో నేర్పొచ్చు. మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడిందో లేదో వేళ్లకే తెలియాలి. అది మెత్తగా ఉండిపోతే రక్తస్రావం నిమిషాల్లో ప్రాణం మీదికి తెస్తుంది. “చెయ్యి ఇక్కడ పెట్టు చెల్లే, గట్టిగా తగుల్తోందా?” అని అడిగే పాత సిస్టర్ ఓపిక ఏ జీతపు చీటీలోనూ కనిపించదు. ఎంత గొప్ప పని!

సూపరింటెండెంట్లకు ఒక్క మనవి: కొత్త సిస్టర్‌ను మొదటి రాత్రి డ్యూటీకి ఒంటరిగా వేయకండి.