ముందు టేపు, ఆ తర్వాతే ఆయిల్

ఇంజిన్ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండి నడిపే ప్రతివాళ్లకూ తెలుసు. డిప్‌స్టిక్ తీస్తే రంగూ మట్టమూ కనబడతాయి, చెత్తను ఆపడానికి ఫిల్టరో జల్లెడో ఉంటుంది. ముందు ఫోర్క్‌లోని ఆయిల్‌కు ఈ సదుపాయాలేవీ లేవు. చూసుకునే దారి లేదు, వడకట్టేది లేదు, పాత బళ్లలో అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూను కూడా చాలా మోడళ్లలో ఎత్తేశారు. బుష్‌లు అరిగిన పొడి, స్ప్రింగు పైపు లోపలి గోడకు రాసుకుని రాలిన ఇనుప రజను, సీలు దాటి వచ్చిన తేమ, అన్నీ ఆ కాస్త ఆయిల్‌లోనే కలిసి ఏళ్ల తరబడి పైకీ కిందికీ తిరుగుతుంటాయి. చిన్న బళ్లలో ఫోర్క్ ఒక్కో కాలికి పావు లీటరు కూడా పట్టదు మరి. పాడవడం ఒక్కరోజులో జరగదు కాబట్టి నడిపేవాడి చేతులు రోజుకింత సర్దుకుపోతాయి. సీలు పోయి, పైపు వెంట జిడ్డు కారి, డిస్క్ బ్రేకు మీద పడే దాకా ఆ సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. అప్పుడు షెడ్డుకు వెళ్తే సీళ్లు మార్చి, "ఈసారి కాస్త చిక్కటిది పోశాను సార్, ముందు గట్టిగా ఉంటుంది" అంటారు. నా గొడవంతా ఆ ఒక్క మాటతోనే. ఫోర్క్ బాగుచేయడమంటే ముఖ్యంగా కొలవడం. అందుకు కావలసిన సమాచారం షెడ్డులో కన్నా బండి యజమాని దగ్గరే ఎక్కువ ఉంది కాబట్టి ఆ పని ఇంట్లో జరగడమే సబబని నా వాదన.

ఫోర్క్‌లో బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగిపోకుండా నిలిపేది ఆయిల్. ఆయిల్ పైన మిగిలిన గాలి కూడా ఒక స్ప్రింగే, దాని సంగతి తర్వాత చెబుతాను. టెలిస్కోపిక్ ఫోర్క్‌లో ఇలా ఆయిల్‌తో డాంపింగ్ పెట్టి మార్కెట్లోకి తెచ్చిన తొలి బండ్లు 1935 నాటి బీఎండబ్ల్యూ ఆర్12, ఆర్17. ఇవాళ మన వీధుల్లో తిరిగే వంద, నూట ఇరవై అయిదు సీసీ బళ్లలో చాలావాటి ఏర్పాటు చాలా సాదా: ఒక గొట్టం, దానికి కొన్ని బెజ్జాలు, వాటిలోంచి తోసుకుంటూ పోయే ఆయిల్. బెజ్జంలోంచి పోయే వేగం రెండింతలైతే అడ్డుకునే బలం దాదాపు నాలుగింతలవుతుంది. అంటే బ్రేకు వేసినప్పటి నెమ్మది కదలికకు ఈ ఫోర్క్ ఇచ్చే అడ్డు చాలదు, గుంత అంచు తగిలినప్పటి వేగానికి అదే అడ్డు మితిమీరుతుంది. ఇప్పుడు ఆయిల్ చిక్కన చేస్తే మొదటి లోటు కొంత తీరుతుంది, రెండోది ముదురుతుంది. పైగా బ్రేకు పట్టగానే బండి ముక్కు దించడం అనే ఫిర్యాదుకు అసలు జవాబు ఆయిల్‌లో లేదు. ఎంత లోతు దిగాలో తేల్చేది స్ప్రింగు, ఎంత త్వరగా దిగాలో తేల్చేది ఆయిల్. బ్రేకు కాసేపు పట్టే ఉంచితే చిక్కటి ఆయిల్ పోసిన బండి కూడా తీరిగ్గా అదే లోతుకు చేరుతుంది. హైవే కూడళ్ల ముందు వరసగా వేసే రంబుల్ స్ట్రిప్పుల మీద ఈ వైద్యం దుష్ఫలితం బయటపడుతుంది. ఒక గీత మీద దిగిన ఫోర్క్ పూర్తిగా పైకి లేవకముందే రెండోది వస్తుంది, మూడోదానికి ఇంకాస్త కిందే ఉంటుంది. చివరికి చక్రం ఎగిరి పడుతుంటే, ఫోర్క్ గట్టిపడిందని మనం సంతోషిస్తుంటాం.

చిక్కదనం లెక్క కూడా డబ్బా మీద కనిపించినంత తేలిక కాదు. ఫోర్క్ ఆయిళ్ల మీద వేసే 5, 10, 15 అంకెలను అన్ని కంపెనీలూ ఒకే కొలతతో వేయవు. ఒకరి పది మరొకరి పదికి సమానమని నమ్మడానికి లేదు. నమ్మదగిన అంకె, నలభై డిగ్రీల దగ్గర సెంటిస్టోకుల్లో ఇచ్చే స్నిగ్ధత. పది అన్న చాలా ఆయిళ్లు అక్కడ ముప్ఫై చిల్లర, పదిహేను అన్నవి నలభై అయిదు దరిదాపుల్లో ఉంటాయి, అంటే తేడా సుమారు ఒకటిన్నర రెట్లు. ఆ నలభై డిగ్రీలు మే నెల రామగుండంలో నీడన నిలబెట్టిన బండికే వచ్చేస్తాయి. అదే ఆయిల్‌తో శీతాకాలం తెల్లవారుజామున లంబసింగి ఘాట్ ఎక్కితే, ఇరవై డిగ్రీలకు దిగేసరికే మామూలు మినరల్ ఆయిల్ రెండింతలకు పైగా చిక్కబడుతుంది, అక్కడ చలి ఇంకా చాలా కిందికి పోతుంది. షెడ్డులో ఒక మెట్టు చిక్కన చేసినందువల్ల వచ్చే తేడా కన్నా ఆకాశం చేసే తేడా పెద్దది. ఇంజిన్ ఆయిలే పోస్తున్నా ఏళ్లుగా నడుస్తున్నాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. నడుస్తాయి. కానీ 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ నలభై డిగ్రీల దగ్గర వంద సెంటిస్టోకులు దాటుతుంది, పది నంబరు ఫోర్క్ ఆయిల్‌కు మూడింతలు. పాత జపాన్ బళ్ల మాన్యువళ్లు కొన్ని ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఫ్లూయిడ్‌నే ఫోర్క్‌కూ వాడమన్న మాట నిజమే. అయితే అది పల్చటి ద్రవం, బెజ్జాల కొలత దానికి తగ్గట్టు పెట్టారు. కాబట్టి మాన్యువల్లో చెప్పిందే పోయడం మొదటి సూత్రం. దాన్నుంచి జరగాలంటే కారణం కావాలి, కారణానికి కొలత కావాలి.

కొలతకు పెద్ద సరంజామా అక్కర్లేదు. కుట్టుపని టేపు, యజమాని కాక ఇద్దరు మనుషులు చాలు. ముందు చక్రం గాలిలో ఉండగా ఫోర్క్ పైపు బయటికి కనిపించే పొడవు రాసుకోవాలి. ఆ తర్వాత యజమాని రోజూ వేసుకునే బట్టలూ హెల్మెట్‌తో, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టి కూర్చోవాలి. ఒకరు బండిని నిటారుగా పట్టుకుంటే, మరొకరు ముందు భాగాన్ని కిందికి నొక్కి మెల్లగా వదిలి ఒకసారి, పైకెత్తి మెల్లగా దింపి ఒకసారి పొడవు కొలవాలి. ఈ రెండు అంకెల సగటును మొదటి పొడవులోంచి తీసేస్తే వచ్చేది శాగ్. రోడ్డు బళ్లకు మొత్తం కదలికలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా, అంటే 120 మిల్లీమీటర్ల కదలిక ఉన్న ఫోర్క్‌కు 30 నుంచి 40 మిల్లీమీటర్లు ఉంటే చాలా వరకు సరిపోతుంది. నాకు మాత్రం సగటు కన్నా ఆ రెండు అంకెల మధ్య తేడాయే విలువైనదిగా కనిపిస్తుంది. ఎందుకంటే అది రాపిడి కొలత. తేడా బాగా ఎక్కువగా ఉందంటే ఫోర్క్ ఎక్కడో బిగుసుకుంటోంది. పైపు వంగి ఉండొచ్చు, బుష్‌లు అరిగి ఉండొచ్చు, సీలు ఎండి ఉండొచ్చు. చాలాసార్లు కారణం ఇంకా చిన్నది: చక్రం బిగించేటప్పుడు రెండు కాళ్లూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా నిలవకపోవడం. యాక్సిల్ బిగించాక, దాన్ని పట్టి ఉంచే చిన్న బోల్టు బిగించకముందే, బ్రేకు పట్టుకుని ఫోర్క్‌ను నాలుగైదుసార్లు గట్టిగా నొక్కితే కాళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. ఇలాంటి బిగుతుకు చిక్కటి ఆయిల్ పోయడమంటే, చెప్పు కరిచిన చోట ఇంకో జత సాక్సులు వేసుకోవడమే.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి ఉంది. మామూలు బళ్ల ముందు ఫోర్క్‌కు తిప్పడానికి ఒక్క మర కూడా ఉండదు. 2024 నాటి కేటీఎం డ్యూక్ 390 లాంటి వాటికి కంప్రెషన్ (దిగడం), రీబౌండ్ (లేవడం) మరలు ఇచ్చారు, వాటిని నడిపేవాళ్లు ట్యూనింగ్ గురించి మాట్లాడుకోవచ్చు, పాల క్యాన్లు మోసే బండికి ట్యూనింగ్ ఏమిటని. మర లేదంటే మార్చలేమని కాదు, మూత విప్పాలని మాత్రమే. స్ప్రింగు మీద ఉండే స్పేసర్ పొడవు మార్చితే బండి నిలబడే ఎత్తు మారుతుంది. అయితే స్పేసర్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందన్న నమ్మకం తప్పు. మిల్లీమీటరుకు ఎంత బరువు మోయాలో తీగ మందం, చుట్ల సంఖ్య, చుట్టు వెడల్పు తేలుస్తాయి, స్పేసర్ కాదు. మనిషి కూర్చున్నప్పుడు శాగ్ సరిగ్గానే వచ్చి, ఒట్టి బండికి మాత్రం దాదాపు సున్నా ఉందనుకోండి. అంటే మెత్తటి స్ప్రింగును స్పేసర్లతో నొక్కిపెట్టి నెట్టుకొస్తున్నారు, ఇక కావలసింది వేరే స్ప్రింగే. పాల క్యాన్లయినా, వెనక ముగ్గురయినా, ఆ బరువులో ఎక్కువ పడేది వెనక చక్రం మీద. వెనక కూర్చుండిపోతే ముందు తేలిపోతుంది, హ్యాండిల్ తేలిగ్గా ఊగుతుంది, యజమాని వచ్చి ఫోర్క్ బాలేదంటాడు. అలాంటి బండి ముందు మూత విప్పినా దండగే, వెనక షాక్ అబ్జార్బర్ దగ్గర మొదలుపెట్టాలి. దానికన్నా ముందు టైర్లలో గాలి చూడాలి, ఇది మరీ చిన్న మాటే అయినా.

గాలి మాటకు వస్తే, మూత బిగించగానే ఆయిల్ పైన కొంత గాలి చిక్కుకుపోతుంది. ఫోర్క్ దిగేకొద్దీ అది నలుగుతుంది. లెక్క సులువు కావడానికి స్ప్రింగు ఆక్రమించే చోటు వదిలేద్దాం. ఫోర్క్ పూర్తిగా దిగినప్పుడు 150 మిల్లీమీటర్ల గాలి మిగిలేలా ఆయిల్ పోశామనుకుంటే, 120 మిల్లీమీటర్లు దిగేసరికి 270 కాస్తా 150 అవుతుంది, పీడనం 1.8 రెట్లు. ఆయిల్ మట్టాన్ని 30 మిల్లీమీటర్లు పెంచితే 240 కాస్తా 120, అంటే సరిగ్గా రెండు రెట్లు. వాతావరణ పీడనం తీసేసి చూస్తే చివర్లో గాలి తోపు పాతిక శాతం పెరిగింది. మొదటి 30 మిల్లీమీటర్లలో మాత్రం ఆ తేడా లెక్కలోకి రాదు. స్పీడ్ బ్రేకర్ మీద ఫోర్క్ ఠప్‌మని అడుగు తగులుతోంది, మిగతా అంతా బాగుందనే బండికి ఇంతకన్నా చక్కటి, చవకైన సర్దుబాటు లేదు. అందుకే ఆయిల్‌ను మిల్లీలీటర్లలో పోసి ఊరుకోకూడదు. పాతది ఎంత వంచినా లోపల కొంత అంటుకుని ఉంటుంది, ఒక కాలిలో ఎక్కువ, ఒక కాలిలో తక్కువ. స్ప్రింగు తీసి, ఫోర్క్ పూర్తిగా మూసి, బుడగలు పోయేదాకా పైకీ కిందికీ ఆడించి, కాసేపు నిలబెట్టి, పైపు అంచు నుంచి ఆయిల్ మట్టానికి కొలవాలి. రెండు కాళ్లలోనూ అదే అంకె రావాలి. తలుపులు తీసి జనం ఎదురు చూస్తున్న షెడ్డులో ఈ ఓపిక దొరకదు. మెకానిక్‌ను తప్పుపట్టి లాభం లేదు, ఆయనకు డబ్బులు వచ్చేది విప్పి బిగించినందుకే గానీ బుడగల కోసం ఆగినందుకు కాదు.

ముందు చక్రంతో ప్రయోగాలా అన్న భయం అర్థం లేనిది కాదు. మూత కింద స్ప్రింగు ఒత్తిడిలో ఉంటుంది, అజాగ్రత్తగా విప్పితే ముఖానికి తగులుతుంది. బండి మెయిన్ స్టాండ్ మీద, ఇంజిన్ కింద దిమ్మతో కదలకుండా నిలవాలి. పైపును పట్టి ఉంచే బోల్టులు వదులు చేశాక మూత తిప్పడం కష్టం కాబట్టి, కింది బోల్టు బిగుతుగా ఉండగానే మూతను కొంచెం కదిలించి ఉంచాలి. చివరి చుట్లు విప్పేటప్పుడు మూతను అరచేత్తో అదిమి పట్టుకోవాలి, కళ్లద్దాలు ఉండాలి. మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు బిగించే రెంచ్ లేనివాళ్లు అది సమకూర్చుకున్నాకే మొదలుపెట్టడం మంచిది. తలకిందుల ఫోర్క్‌లూ, బెజ్జాల గొట్టం బదులు కార్ట్రిడ్జ్ ఉన్నవీ వేరే కథ. వాటిలో గాలి తీయడానికి పద్ధతి ఉంది, కొన్నిట్లో ఒక కాలిలో స్ప్రింగు, రెండోదానిలో డాంపింగ్ విడివిడిగా ఉంటాయి. వాటిని తెలిసినవాళ్లకు వదిలేయాలి. పైపు వంగినట్టు కనిపించినా, క్రోమ్ పెచ్చు లేచి సీలును కోస్తున్నా ఇంట్లో చేసేదేమీ లేదు. వంగినదాన్ని ప్రెస్సు మీద సాపు చేసి ఇస్తామనేవాళ్లు ఉంటారు, నా మట్టుకు నేను కొత్తదే కొనమంటాను.

స్ప్రింగు సరి, రాపిడి సరి, మట్టం సరి, అయినా గుంత అంచు మణికట్టుకు కొడుతూనే ఉందంటే అది బెజ్జాల ఫోర్క్ హద్దు. అమెరికాలో రేస్‌టెక్ స్థాపించిన పాల్ థీడ్ ఆ హద్దు దాటించడానికే ఎమ్యులేటర్ అనే వాల్వు చేశారు. స్ప్రింగు కింద దాన్ని కూర్చోబెట్టి, కింది బెజ్జాలు పెద్దవి చేస్తే, నెమ్మది కదలికకు ఎక్కువ అడ్డు, దెబ్బకు తక్కువ అడ్డు వస్తుంది. రోజూ ఆఫీసుకు పోయే బండికి ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం, దూరప్రయాణాల వాళ్లు ఆలోచించుకోవచ్చు. ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చి, అదే రోడ్డు మీద, టైర్లలో అదే గాలితో నడిపి చూడాలి. బయటికి తీసిన పాత ఆయిల్‌ను రాత్రంతా గాజు సీసాలో నిలబెడితే అడుగున చేరే మట్టీ రజనూ చూసి బుష్‌లు ఎలా ఉన్నాయో కొంత అంచనా వేయొచ్చు. చూశాక దాన్ని మోరీలో పారబోయకూడదు. వాడిన ఆయిల్ చట్టం దృష్టిలో ప్రమాదకర వ్యర్థం, పాత ఇంజిన్ ఆయిల్ పోగేసి రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయాలి.