నీటి కింది కుళాయిలు

చిన్న తెరచాప పడవ అడుగున కావాలనే చిల్లులు పెడతారంటే కొత్తవాళ్లు నమ్మరు. ఇంజను చల్లబడటానికి సముద్రపు నీరు లోపలికి రావాలి, సింకు నీళ్లు బయటికి పోవాలి, టాయిలెట్‌కు రాకకొకటి, పోకకొకటి దారి కావాలి. ఆ చిల్లుల మీద లోపలివైపు బిగించిన కుళాయినే సీకాక్ అంటారు. నీటిమట్టానికి రెండడుగుల కింద ఒకటిన్నర అంగుళాల గొట్టం ఊడితే నిమిషానికి వంద లీటర్లకు పైగా నీరు లోపలికి వస్తుంది. ఆ క్షణంలో సీకాక్ పిడి తిరగాలి. ఏళ్ల తరబడి ఎవరూ తిప్పని పిడి తిరగదు.

అమెరికా ఈశాన్య తీరంలోని మెయిన్ రాష్ట్రంలో ఎముకలు కొరికే చలి. అందుకే శరదృతువు ముగిసేలోగా చాలామంది పడవను ఒడ్డుకెక్కించి, నెలల తరబడి దిమ్మెల మీద నిలబెడతారు. అసలు శత్రువు మంచు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి ఇనుమైనా కంచైనా పగులుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒడ్డుకెక్కిన పడవలో సీకాక్‌లన్నీ మూసేస్తే భద్రమనుకుంటారు. బాల్ వాల్వు రకం సీకాక్‌ను మూసినప్పుడు లోపలి గుండులోని రంధ్రంలో కాసిని నీళ్లు చిక్కుకుపోతాయి. అవి గడ్డకట్టి వాల్వును చీల్చేస్తాయి. చీలిక బయటపడేది వసంతంలో, పడవ నీళ్లలోకి దిగాకే. అందుకే ఒడ్డున అన్నీ తెరిచే ఉంచాలి. పడవను నీళ్లలోనే ఉంచేవాళ్లు మాత్రం మూసి, వాల్వు పక్కనున్న చిన్న బిరడా విప్పి ఆ నీటిని వదిలేస్తారు.

పాతకాలపు సీకాక్‌లో శంకువు ఆకారపు కంచు బిరడా కంచు గూటిలోనే తిరుగుతుంది. పడవ ఒడ్డున ఉన్నప్పుడు దాన్ని ఊడదీసి, పాత గ్రీజు తుడిచి, సన్నటి గ్రైండింగ్ పేస్టు పూసి అటూ ఇటూ తిప్పుతూ అరగదీస్తారు. బిరడా ఒళ్లంతా ఒకే తీరు బూడిదరంగు తేలిందంటే రెండూ ఒదిగినట్టే. పేస్టు ఆనవాలు లేకుండా తుడిచి, నీటికి కొట్టుకుపోని గ్రీజు పట్టించి బిగిస్తారు. ఇలా చూసుకున్న కంచు సీకాక్ దశాబ్దాలు నడుస్తుంది. బాల్ వాల్వుకు ఈ అరగదీత కుదరదు. శ్రమ తగ్గించింది నిజమే కానీ, ఏటా విప్పి చూసే అలవాటునూ అదే పోగొట్టిందని నా అభిప్రాయం.

లోహం సంగతి ఇంకా ముఖ్యం. ఇత్తడి, కంచు చూపుకు ఒకేలా మెరుస్తాయి. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు మెల్లగా కరిగిపోయి, బోలుగా మారిన రాగి మిగులుతుంది. ఆకారం చెక్కుచెదరదు, బలం మాత్రం ఉండదు. గీకితే పసుపు బదులు గులాబీ ఛాయ కనిపిస్తే ఆ అమరికను అప్పుడే మార్చాలి. ఐఎస్ఓ 9093 ప్రమాణం 1994లో వచ్చినప్పుడు ఐదేళ్లు తుప్పును తట్టుకుంటే చాలంది. మనుషుల ప్రాణాలు ఆధారపడే వస్తువుకు అది మరీ తక్కువ గడువు. అమెరికన్ ఏబీవైసీ ప్రమాణం మరో పరీక్ష పెడుతుంది: సీకాక్ 500 పౌండ్ల బరువును 30 సెకన్లు తట్టుకోవాలి. తడబడిన మనిషి కాలు దానిమీద పడొచ్చు మరి.

ఇక చలికి నీరు గడ్డకట్టకుండా మంచినీటి గొట్టాలకు ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసిన గులాబీ రంగు యాంటీఫ్రీజ్ మందు వాడతారు. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని ఈ గొట్టాల దరిదాపులకు రానీయకూడదు. ముందు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, మిగిలిన నీళ్లు మందును పలచన చేసి పనికిరాకుండా చేస్తాయి. వాటర్ హీటర్‌ను కూడా ఖాళీ చేసి, పక్కదారి గొట్టంతో తప్పించాలి, లేకపోతే మందంతా అదే మింగేస్తుంది. ఆ తర్వాత చన్నీళ్లవీ వేణ్నీళ్లవీ ఒక్కో కుళాయి విప్పి గులాబీ రంగు వచ్చేదాకా పంపు నడపాలి. షవరును మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఇంజనుకూ అంతే: నీరు పీల్చే గొట్టాన్ని మందున్న బకెట్లో ముంచి, పొగగొట్టంలోంచి అదే రంగు వచ్చేదాకా నడుపుతారు.

గొట్టాల క్లాంపులు తుప్పుపట్టాయేమో చూసి, గొట్టం మూతి పొడవు చాలినచోట రెండేసి బిగించడం, ఒక్కో సీకాక్ పక్కన ఆ చిల్లుకు సరిపోయే మెత్తని చెక్క బిరడా తాడుతో కట్టిపెట్టడం కూడా ఈ పనిలో భాగమే. వసంతంలో క్రేను పడవను నీటిలోకి దించాక, పట్టీలు వదలకముందే యజమాని లోపలికి దిగి ఒక్కో సీకాక్ చుట్టూ పొడిచేత్తో తడిమి చూస్తాడు. తడి తగిలితే పడవను మళ్లీ పైకెత్తమంటాడు.