చేతికి తెలియని నాణ్యం

విజయవాడ పటమట ఆటోనగర్‌కు ఉత్త ఛాసిస్‌గా వచ్చిన బండి బస్సై బయటికి వెళ్తుంది. ఇనుప పని ముగిశాక ప్లాస్టిక్ పని మొదలవుతుంది. సీటుకు ఫోమ్, దానిపై రెక్సిన్, కప్పుకు ఎఫ్ఆర్‌పీ షీటు, గోడల వెనక పీవీసీ తొడుగున్న వైర్లు, స్లీపర్ బెర్తులకు పాలిస్టర్ తెరలు. కుట్టు బిగువును మేస్త్రీ వేలితో తడిమి చెప్పేస్తాడు. ఆ ఫోమ్ నిప్పుకు ఎంతసేపు ఆగుతుందో మాత్రం ఎంత అనుభవమున్న చేతికీ అందదు. అది తయారీలో కలిపిన, మంటను అడ్డుకునే మందును బట్టి ఉంటుంది.

ఆ మందుల్లో విరివిగా వాడేది తెల్లటి పొడి, అల్యూమినియం హైడ్రాక్సైడ్. సుమారు 200 డిగ్రీలు దాటితే అది విడిపోయి, తన బరువులో మూడో వంతు నీటిని ఆవిరిగా వదులుతుంది. విడిపోతూ వేడిని లాక్కుంటుంది. ఆవిరి మండే వాయువులను పలుచన చేస్తుంది, మిగిలిన అల్యూమినా పైన పెచ్చు కడుతుంది. చిటికెడు వేస్తే చాలదు. పాలిథిన్‌లాంటి వాటిలో సగానికి మించి పొడే పట్టాలి. అంత పట్టిస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, ఖర్చూ పెరుగుతుంది. బ్రోమిన్ మందులు తక్కువ మోతాదులోనే మంటను తెంపుతాయి కానీ, వాటిలో కొన్ని నేలలో, ఒంట్లో పేరుకుపోతాయి. అందుకే వాటిలో ఒకటైన డెకాబీడీఈని 2017లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిర్మూలన జాబితాలోకి ఎక్కించింది.

వైరు కథ వేరు. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే, కాబట్టి త్వరగా అంటుకోదు. వైరు వంగడానికి కలిపే మెత్తబరిచే నూనెలే మండుతాయి. ఆ లోటును యాంటిమొనీ ట్రైఆక్సైడ్ పూడుస్తుంది.

2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర ఒక స్లీపర్ బస్సు కాలిపోయింది. ఇలాంటి ప్రమాదాల్లో కారిన ఇంధనం మంటను ప్లాస్టిక్‌లో కలిపిన ఏ పొడీ ఆపజాలదు. సీట్లలో, తెరల్లో మంట పాకే వేగాన్ని మాత్రం మందు తగ్గించగలదు. నిద్రలో ఉన్నవాళ్లు లేచి తలుపు వెతుక్కోవడానికి ఆ వ్యవధే దిక్కు.

మన ప్రమాణం ఐఎస్ 15061 ప్రకారం, అడ్డంగా పెట్టిన నమూనాపై మంట నిమిషానికి 100 మిల్లీమీటర్లు మించి పాకకూడదు. మరి తెర వేలాడేది నిలువుగా కదా! నిలువుగా మంట ఎన్నో రెట్లు వేగంగా ఎగబాకుతుంది. ఐరోపా పాటించే ఐక్యరాజ్యసమితి 118వ నిబంధన తెరలను నిలువుగా ఉంచే పరీక్షిస్తుంది. రాత్రంతా స్లీపర్లు తిరిగే మన రోడ్లకు అంతకన్నా తక్కువ కొలత తగదు.

ప్లాస్టిక్ విద్య నేర్పే సిపెట్ దగ్గరలోని సూరంపల్లిలోనే ఉంది. ఆటోనగర్ మేస్త్రీలకు అక్కడ ఈ మందుల మీద, పరీక్షల మీద స్వల్పకాలిక శిక్షణలు పెట్టాలి. బస్సు యజమానులు రెక్సిన్ రంగు ఎంచుకునేటప్పుడే మంట పరీక్ష కాగితం అడగాలి. పాత బండికి తర్వాత కట్టించే తెరలకు, అలంకరణ లైట్ల వైర్లకు కూడా ఆ కాగితం లేనిదే డబ్బు చెల్లించకూడదు.